తాళము, ముద్ర

సినిమాబొమ్మ పల్లెకు ఎట్లు వచ్చెడిదో పెద్దలకు జ్ఞాపకముండును. బెజవాడ గాంధినగరమునందలి పంపిణీదారుల కచేరీలలో ఫిల్ముచుట్టలను రేకుపెట్టెలలో సర్ది, రైలుమీదనో బస్సుమీదనో పంపెడివారు. పెట్టె దిగువరకు టూరింగు టాకీసు గుడారమువద్ద జనము కాచుకొని యుండెడివారు. పెట్టె ఆలస్యమైన ఆటయు ఆలస్యమే. కాని అందులోని బొమ్మ నిజముగా యజమాని పంపినదేనా యని అడిగినవారు లేరు. అంత పొడుగు ఫిల్మునకు దొంగ నకలు తీయుట సామాన్యుని తరము కాదు. దాని బరువే దానికి కావలి.

పిమ్మట తెలుగు చిత్రపరిశ్రమ మదరాసునుండి హైదరాబాదునకు క్రమక్రమముగా తరలినది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమయ్యెను. రాళ్లగుట్టలుగా నుండిన జూబిలీహిల్సు ప్రాంతమున ఫిల్మునగరు వెలసినది. నేడు రేకుపెట్టెలు లేవు. చిత్రమంతయు అంకెలరూపమున ఒక డిస్కులోనో, ఉపగ్రహముద్వారానో థియేటరుకు చేరును. బరువు పోయినది, దానితో కావలియు పోయినది. కావున వేరు కావలి కల్పింపవలసి వచ్చెను.

హాలీవుడ్డు సంస్థలు కూడి 2005లో ప్రకటించిన పద్ధతి యిది. చిత్రమునకు గూఢలిపితో తాళము వేయుదురు. తాళపుచెవిని వేరుగా పంపుదురు. ఆ చెవి ఒక్క థియేటరులోని ఒక్క యంత్రమునకే, నిర్ణయించిన దినములలోనే పనిచేయును. అంతేకాక దానిమీద పంపినవాని ముద్రయు ఉండును. మన దేశమున సంస్థకొక పద్ధతి యున్నను మూలసూత్రమొక్కటే. తాళము వేరు, ముద్ర వేరు. పరులు చూడకుండ కాపాడునది తాళము. పంపినవాడెవడో తెలుపునది ముద్ర. మన పూర్వులు లక్కముద్ర చెదరిన ఉత్తరమును నమ్మెడివారు కారు.

అయినను తాళము వేయకముందే సరుకు పోయిన నేమి చేయవచ్చును? 2013 సెప్టెంబరు 22వ తేదీన ‘అత్తారింటికి దారేది’ చిత్రములో సుమారు 90 నిమిషముల భాగము విడుదలకు పూర్వమే బజారున పడినది. కృష్ణాజిల్లా పెడనలో సీడీలు అమ్ముడుపోయినవి. అక్టోబరులో రావలసిన చిత్రమును సెప్టెంబరు 27ననే విడుదల చేసిరి. ఇది పనివారి చేతులమీదుగనే బయటపడినదని పోలీసులు తేల్చిరి.

ముద్ర లేకున్న కలుగు చిక్కు ఇంటర్నెట్టు టెలిఫోనునందు మరింత స్పష్టముగా కానవచ్చును. కచేరీ బల్లమీద నేడుండు ఫోను పాతకాలపు తీగఫోను కాదు, చిన్న కంప్యూటరు. దానిలోపల ఫర్మ్‌వేర్ అను కార్యక్రమము కలదు. తయారీదారు దానిని అప్పుడప్పుడు దిద్ది పంపును. ఫోను తనంత తానే సర్వరునడిగి క్రొత్తదానిని తెచ్చుకొనును. అందులకు చాల ఫోనులు వాడిన టీఎఫ్‌టీపీ అను పద్ధతి 1981 నాటిది. అది పేరడుగదు, సంకేతపదమడుగదు. చిన్న యంత్రములకొరకు, ఒకే భవనములోని నమ్మకస్థులకొరకు పుట్టినది గనుక అప్పటికది చాలినది. కాని అదే తీగమీదికి చేరిన దొంగ, సర్వరుకన్న ముందుగా తానే బదులు పలుకవచ్చును. ముద్ర పరీక్షింపని ఫోను దొంగ కార్యక్రమమును తనదిగా మ్రింగును. ఆ మీదట ఎవరి మాట వినుచున్నదో యజమానికి తెలియదు.

తయారీదారులు ముద్రలు చేర్చిరి. అయినను 2012 డిసెంబరులో అమెరికాయందలి కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆంగ్ కుయి, సాల్వటోర్ స్టోల్ఫో అనువారు సిస్కో ఫోనులందొక లోపమును చూపిరి. ఫోను వెనుకనున్న రంధ్రమున చిన్న పరికరమును కొంచెముసేపు గ్రుచ్చిన చాలును. రిసీవరు క్రింద పెట్టియున్నను ఫోను గదిలోని మాటలను వినసాగును. లోపము కార్యక్రమపు గర్భముననే యున్నది. విడుదలకాని కథను దర్శకుడు చెప్పుచుండు గదిలో అట్టి ఫోను ఒకటి యుండిన నెంత నష్టమో ఫిల్మునగరువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

సిస్కో సంస్థ దిద్దుబాటు ప్రకటించినది. ఆ దిద్దుబాటు ఫోనునకు చేరవలసిన త్రోవయు ఈ ఫర్మ్‌వేర్ త్రోవయే. దొంగకు భయపడి తలుపు మూసిన ఇంటికి మరమ్మతుచేయు వడ్రంగియు రాలేడు. అట్లు మూసికొన్న కచేరీలలోని పాత ఫోనులందు ఆ లోపము నాటినుండి అట్లే యుండును.