టేకు ఓడలు, రాతి మేడలు

బొంబాయి నగర చరిత్రను వ్రాసినవారు పత్తి వ్యాపారాన్ని గురించి, మిల్లులను గురించి విస్తారంగా వ్రాశారు. ఈ నగరం ఏ కలపతో, ఏ రాతితో, ఏ సున్నంతో నిలబడిందన్న విషయానికి అంతటి స్థానం లభించలేదు. ఓడను కట్టినవాని పేరైనా కొంత మిగిలింది గాని, మేడను కట్టినవాని పేరు చాలావరకు మిగలలేదు.

1736లో ఈస్టిండియా కంపెనీవారు సూరత్ నుండి లవ్‌జీ నసర్వాన్‌జీ వాడియా అనే పార్సీ వడ్రంగిని, కొందరు పనివారితో సహా బొంబాయికి రప్పించారు. 1750 నాటికి ఇక్కడ రాతితో డ్రై డాక్ సిద్ధమయింది. ఓడను లోపలికి తెచ్చి, ద్వారం మూసి, నీటిని తోడివేసి, దాని అడుగుభాగాన్ని బాగుచేయడానికి వీలైన పెద్ద రాతి తొట్టి అది. ఆసియా ఖండంలో ఆ తరహా నిర్మాణాలలో అదే మొదటిదని ప్రతీతి.

ఆనాడు ఇంగ్లండు నౌకాదళానికి ఓక్ కలపే ఆధారం. 74 ఫిరంగుల యుద్ధనౌక ఒక్కదానికి సుమారు 2,000 ఓక్ చెట్లు కావాలని అంచనా. నూరేళ్లు పెరిగిన చెట్టును నరికితే మరొకటి ఎదగడానికి మళ్లీ నూరేళ్లు. నెపోలియన్‌తో యుద్ధాల కాలంలో ఆ కొరత తీవ్రమయింది. అప్పుడు వారి చూపు మలబారు టేకుపై పడింది. ఓక్‌లోని వగరు ద్రవ్యం ఇనుప మేకులను తినివేస్తుంది; టేకులోని సహజమైన నూనె ఇనుమును కాపాడుతుంది. టేకు ఎండకు, తడికి అంతగా వంగదు, కుంచించుకుపోదు. వాడియాల పనితనం మరొక విశేషం. పలకల అంచులను గాడి తీసి ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు బిగించి, సందులలో దూది, గుగ్గిలం దట్టించేవారు. పురుగు పట్టకుండా సున్నమును నూనెతో నూరి అడుగున పూసేవారు. తరువాతి కాలంలో దానిపై రాగి రేకులు కూడా తొడిగారు. తెలుగు తీరానికీ ఈ విద్య కొత్తది కాదు. 17వ శతాబ్దంలోనే నరసాపురం ఓడల నిర్మాణానికి పేరు పొందింది. ఆ తరువాత కోరంగి ఆ స్థానాన్ని అందుకొని, 1789లోను, 1839లోను వచ్చిన తుఫానులకు దెబ్బతిన్నది.

బొంబాయి టేకు గొప్పతనానికి సాక్ష్యం ఒకటి నేటికీ నీటిపై తేలుతూ ఉన్నది. ‘ట్రింకోమలీ’ అనే యుద్ధనౌక నమూనా పటాలను మొదట ‘జావా’ అనే ఓడలో పంపించారు. 1812 డిసెంబరులో అమెరికావారి ‘కాన్‌స్టిట్యూషన్’ ఆ ఓడను ఓడించడంతో పటాలు పోయి, మరల పంపవలసి వచ్చింది. జంషెట్‌జీ బొమన్‌జీ వాడియా పర్యవేక్షణలో, పార్సీల ఆచారం ప్రకారం వెన్నుదూలంలో వెండి మేకు దిగవేసి పని ఆరంభించారు. 1817 అక్టోబరు 12న ఓడ నీటిలో దిగింది. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో దానిని పునరుద్ధరించి నిలిపారు. బొంబాయిలోనే 1813లో తయారైన ‘కార్న్‌వాలిస్’ పైన 1842లో నాన్‌కింగ్ సంధి జరిగింది. హాంగ్‌కాంగ్‌ను చైనా వదులుకున్న ఆ సంతకాలకు ఆధారం మన టేకు పలకలే. ఇది గర్వించదగిన సంగతో కాదో చదువరులే నిర్ణయించుకోవాలి.

ఇక మేడల విషయం. 1860వ దశకంలో గవర్నరు బార్టిల్ ఫ్రియర్ హయాములో కోట గోడలు పడగొట్టిన తరువాత నగరం రాతి నగరమయింది. కుర్లా రాయి, వసయి ఎర్రరాయి క్రాఫర్డ్ మార్కెటుకు వచ్చాయి. 1878లో ఆరంభమైన విక్టోరియా టెర్మినస్‌కు మలాడ్ పసుపురాయి వాడారు. దాని చెక్కడపు పనిలో బొంబాయి చిత్రకళా పాఠశాల విద్యార్థులు పాల్గొన్నారు. సన్నని నగిషీకి పోరుబందరు సున్నపురాయి మెత్తగా ఉలికి లొంగేది. నల్లరాయి లొంగదు గనుక గోడలకు, పునాదులకు దానిని ఉంచారు.

రాతిని రాతితో కలిపింది మాత్రం సున్నమే. రాతినో, ఆలుచిప్పలనో కాల్చి, నీట విరిచి, ఇసుకతోను ఇటుకపొడితోను కలిపి ఎద్దులు తిప్పే గానుగలో నూరితే గచ్చు తయారవుతుంది. మేలైన పూతకు బెల్లపు నీరు, కరక్కాయ నీరు చేర్చడం మన తాపీ మేస్త్రీలు ఎరిగిన రహస్యం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయి అవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడడం దాని స్వభావం. తొందరపడేవారికి అది తగినది కాదు.

ఈ పనులకు కండబలం అందించినవారిలో తెలుగువారు ముఖ్యులు. 18వ శతాబ్దం చివరిభాగంలో హార్న్‌బీ కట్ట పూర్తయి పల్లపు భూములు బయటపడగా, నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన కూలీలు అక్కడ స్థిరపడ్డారు. కూలి పనివానికి మన భాషలో కామాటి అని పేరు. ఆ మాటే కామాటిపుర అయింది. పురుషులు రాళ్లు కొట్టి, గోడలు లేపితే, స్త్రీలు తలపై తట్టలతో సున్నం, రాయి మోశారు. శంకుస్థాపన ఫలకాలపై గవర్నర్ల పేర్లు, వాస్తుశిల్పుల పేర్లు ఉన్నాయి. కామాటి పేరు పేటకు మిగిలింది గాని ఫలకానికి ఎక్కలేదు. ఆ పేట పేరు సైతం తరువాతి కాలంలో వేరొక అర్థంలో లోకానికి తెలియడం మరింత బాధాకరం.

1924లో పూర్తయిన గేట్‌వే ఆఫ్ ఇండియా నాటికి పద్ధతి మారింది. పైకి కనిపించేది ఖరోడీ పసుపు రాయి అయినా, దానికి తోడుగా ఇనుప కడ్డీల కాంక్రీటును వాడారు. ఓడలు అంతకుముందే ఇనుముకు, ఉక్కుకు మారిపోయాయి. మజగావ్ డాకులో తయారైన ‘నీలగిరి’ యుద్ధనౌక 1968లో నీటిలో దిగింది. 2022లో నౌకాదళంలో చేరిన ‘విక్రాంత్’ విమానవాహక నౌకకు వాడిన ప్రత్యేకమైన ఉక్కు రూపకల్పనలో హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం పాలుపంచుకున్నది.

అయితే సముద్రపు ఉప్పుగాలికి కాంక్రీటులోని కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి, పైపూతను పగులగొడుతుంది. నగరంలోని పాత రాతి కట్టడాలకు సిమెంటుతో అతుకులు వేస్తే తేమ లోపలే నిలిచి, రాయి పొరలుగా ఊడిపోతుంది. అందుచేత వాటి మరమ్మతులకు సంరక్షకులు మళ్లీ సున్నపు గచ్చునే కోరుతున్నారు. గానుగ పని తెలిసిన మేస్త్రీల కోసం వెదుకుతున్నారు.