చీట్ (ఆంగ్ల క్రియ)

చీట్ అనునది మోసగించుట అను అర్థమునిచ్చు ఆంగ్ల క్రియాపదము. "చీటింగ్", "చీటింగ్ కేసు" అను రూపములలో ఇది తెలుగు పత్రికలలోను, పోలీసు ఠాణాలలోను తెలుగు మాటవలెనే వాడుకలో ఉన్నది. ఒకరిని అబద్ధముతో నమ్మించి, వారి చేతులతోనే వారికి నష్టము కలిగించు పని చేయించుట దీని ముఖ్యార్థము. దొంగతనములో సొమ్ము యజమాని అనుమతి లేకుండా పోవును. చీటింగులో యజమాని తానే స్వయముగా ఇచ్చును. వాక్యములో ఈ క్రియ నడకకు, చట్టములో దీని నిర్వచనమునకు ఈ భేదమే మూలము.

ఈ వ్యాసములోని ఉదాహరణలు సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలములోని కిష్టారెడ్డిపేట, దాని పరిసరములలోని పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతములకు సంబంధించినవి. హైదరాబాదు విస్తరించుటతో ఇక్కడి పొలములు ఇండ్ల స్థలములుగా మారినవి. స్థలముల క్రయవిక్రయములున్న చోట ఈ క్రియతో అవసరము తరచుగా కలుగును.

వ్యుత్పత్తి

ఈ పదము "ఎస్చీట్" అను న్యాయశాస్త్ర పదము నుండి పుట్టినది. మధ్యయుగపు ఇంగ్లండులో వారసులు లేకుండా మరణించిన వారి భూమి ప్రభువుకు గాని రాజుకు గాని చెందుటను ఎస్చీట్ అనేవారు. ఆ భూములను రాజు పక్షమున స్వాధీనపరచుకొను అధికారులు ఎస్చీటర్లు. వారు అన్యాయముగా ఆస్తులు లాగుకొందురన్న అపకీర్తి వలన, 16వ శతాబ్దము చివరికి "చీట్" అను కురుచ రూపమునకు మోసగించుట అను అర్థము స్థిరపడినది. మూల పదము మాత్రము పాత అర్థములోనే నిలిచి, భారత రాజ్యాంగము 296వ అధికరణములో కనిపించును.

తెలుగులోని "చీటీ"కి (చీటీ పాట) ఈ పదముతో సంబంధము లేదు. అది భారతీయ భాషల మాట; ఆంగ్లములోని "చిట్" దాని నుండి వెళ్ళినదే. చీటీల వ్యాపారము 1982 నాటి చిట్ ఫండ్ల చట్టము క్రింద నడచు న్యాయసమ్మతమైన వ్యాపారము.

వాక్య ప్రయోగము

1. మనిషి కర్మగా: "హి చీటెడ్ మీ" - అతడు నన్ను మోసగించాడు. మోసపోయిన వ్యక్తి క్రియకు నేరుగా కర్మ అగును, మధ్యలో విభక్తి సూచక పదము రాదు.

2. పోయిన వస్తువును చెప్పునపుడు: "దే చీటెడ్ హిమ్ అవుట్ ఆఫ్ హిజ్ ప్లాట్" - వారు అతనిని మోసగించి అతని ప్లాటు కాజేశారు. ఆంగ్లములో ఒక్క క్రియ సరిపోవును. తెలుగులో రెండు క్రియలు కావలెను.

3. కర్మణి ప్రయోగము: "ఐ వాజ్ చీటెడ్" - నేను మోసపోయాను.

4. పరీక్షలకు: "చీట్ ఇన్ ది ఎగ్జామ్" - పరీక్షలో కాపీ కొట్టుట. అమెరికా వాడుకలో "ఇన్"కు బదులు "ఆన్" వచ్చును. దాంపత్యములో ద్రోహమునకు "చీట్ ఆన్" అని మాత్రమే అందురు.

5. నామవాచకముగా: "హి ఈజ్ ఎ చీట్" - అతడు మోసగాడు. "చీటర్" అన్నను ఇదే అర్థము.

దీనికి దగ్గరి పదములలో "డిసీవ్" అనగా నిజము కానిదానిని నమ్మించుట. అందులో సొమ్ము చేతులు మారవలసిన పని లేదు. "డిఫ్రాడ్" అనగా మోసముతో ధనమునో హక్కునో అపహరించుట.

తెలుగుతో పోలిక

తెలుగువారు ఆంగ్లములో "హి డిడ్ చీటింగ్ టు మీ" అని వ్రాయుట తరచుగా కనబడు దోషము. దీనికి కారణము తెలుగు నుడికారములలో చూడవచ్చును. మోసగించు, మోసము చేయు అను క్రియలకు "నన్ను" వచ్చినను, టోపీ పెట్టు, శఠగోపము పెట్టు, పంగనామము పెట్టు, టోకరా వేయు అనువాటికి, అలాగే ద్రోహము చేయు, అన్యాయము చేయు అనువాటికి "నాకు" వచ్చును. ఆ "కు" ప్రత్యయమే ఆంగ్లములో "టు"గా మారుచున్నది.

"నమ్మించి మోసము చేశాడు" అను తెలుగు వాక్యము ఆంగ్ల క్రియ కంటె వివరమైనది. "నమ్మించు" అనునది "నమ్ము" ధాతువునకు ప్రేరణార్థక రూపము. నేరములోని మొదటి మెట్టును ఆ మాట విడిగా చూపును. "మోసపోయాను" అను వాక్యములో మాత్రము మోసగించిన వాడు కనబడడు. ఫిర్యాదు వ్రాయునపుడు ఇది లోపమగును. ఎవరు, ఏ మాట చెప్పి, ఎప్పుడు నమ్మించినదీ, ఆ నమ్మకముతో ఏమి ఇచ్చినదీ ఫిర్యాదులో ఉండవలెను.

చట్టములో

1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 415వ సెక్షను చీటింగును నిర్వచించినది. మోసముతో ఆస్తిని ఇప్పించుకొనిన వారికి 420వ సెక్షను ఏడేండ్ల వరకు కారాగార శిక్ష, జరిమానా విధించినది. "ఫోర్ ట్వంటీ" అను తిట్టు, 1955 నాటి హిందీ చిత్రము "శ్రీ 420" పేరు దీని నుండి వచ్చినవే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఈ నేరము 318వ సెక్షనులో చేరినది.

415వ సెక్షను క్రింద ఇచ్చిన ఉదాహరణలు రెండు గమనించదగినవి. నీలిమందు సరఫరా చేయు ఉద్దేశము లేకయే చేయుదునని నమ్మించి బయానా తీసుకొన్నవాడు మోసగాడు. తీసుకొన్ననాడు ఆ ఉద్దేశము ఉండి, తరువాత మాట తప్పినవాడు మోసగాడు కాడు. అతనిపై సివిలు దావా మాత్రమే నడచును. రెండవది, ఒకరికి అమ్మిన ఆస్తిని ఆ సంగతి దాచి మరొకరికి అమ్ముట లేక తాకట్టు పెట్టుట. ఇది చీటింగే. మాట ఇచ్చిన నాడే వంచన ఉద్దేశము ఉండవలెనని హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో (2000) సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

కిష్టారెడ్డిపేట ఉదాహరణ

కిష్టారెడ్డిపేట సర్వే నంబరు 164లోని ప్రభుత్వ భూమిలో కట్టిన భవనములను 2024 సెప్టెంబరు 22న హైడ్రా కూల్చివేసినది. ప్రభుత్వ భూమిని ఆక్రమించుట (కబ్జా) నేరమైనను, అది దానంతట అదే చీటింగు కాదు. అందులో అబద్ధము నమ్మి సొమ్ము ఇచ్చినవారు లేరు. అటువంటి భూమిని పట్టా భూమి అని నమ్మించి ఎవరికైన అమ్మినచో, ఆ కొన్నవారి విషయములో "చీట్" అను క్రియ సరిపోవును. భూమి ప్రభుత్వానిదని తెలిసియే చౌకగా వచ్చునని కొన్నవారు "ఐ వాజ్ చీటెడ్" అనుటకు వీలు లేదు.

కావున కొనుటకు ముందు చూచుకొను పత్రములకు విలువ ఎక్కువ. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింద నిషేధిత భూముల జాబితాను, ఈసీని, రేరా నమోదును పరిశీలించవచ్చును. 2016 నాటి రేరా చట్టము 3వ సెక్షను ప్రకారము, ఆ చట్టము వర్తించు ప్రాజెక్టును నమోదుకు ముందు "ప్రీ లాంచ్" పేరుతో అమ్మరాదు.

ఇవి కూడా చూడండి

భారతీయ శిక్షాస్మృతి
చిట్ ఫండ్
పటాన్‌చెరు