నిద్రయా, తిమ్మిరియా?

శస్త్రచికిత్సకు రోగిని పూర్తిగా నిద్రపుచ్చవలెనా, కోయవలసిన భాగమును మాత్రమే మొద్దుబార్చవలెనా? ఈ ప్రశ్న పుట్టిన విధమును మేమిచట మనవిచేయుచున్నాము.

1846 అక్టోబరు 16న బోస్టనులో మోర్టన్ ఈథరు ఆవిరితో రోగికి మత్తు కలిగించెను. మరుసటి యేడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. బాధ తొలగెను గాని భయము తొలగలేదు. కొందరు బల్లమీదనే మరణించిరి. కారణము ఊపిరి ఆగుటయా, గుండె ఆగుటయా? దీనిని తేల్చుటకై మన హైదరాబాదులో 1888, 1889లలో డాక్టరు లారీ రెండు పరిశోధక సంఘములను నడిపెను. రెండవదానికి నిజాము ధనసహాయ మొనర్చెను. ఊపిరి ఆగుటయే కారణమని లారీ తీర్పు. గుండెయు హఠాత్తుగా లయ తప్పునని 1911లో లెవీ నిరూపించెను.

మరియొక మార్గము 1884లో వియన్నాలో తెరచుకొన్నది. కోలర్ కొకెయిను చుక్కలతో కంటిని మొద్దుబార్చెను. 1898లో కీల్ నగరమున బియర్ ఆ మందునే వెన్నులోనికెక్కించి రోగులకు శస్త్రచికిత్స చేసెను. పిదప తనమీదను, సహాయకునిమీదను పరీక్షించి చూడగా, ఇరువురికిని తలనొప్పి పట్టుకొన్నది. 1947లో ఇంగ్లండున చెస్టర్‌ఫీల్డు ఆసుపత్రిలో ఒక్కనాడే ఇద్దరికి వెన్నుసూది పిమ్మట కాళ్లు పడిపోగా, ఆ దేశమున ఈ పద్ధతియన్న చాలకాలము జంకు మిగిలెను.

2021లో అమెరికా, కెనడాలలో తుంటి విరిగిన 1600 మందిపై జరిగిన పరిశోధన ఫలితములు వెలువడినవి. అరువది దినముల పిమ్మట మరణమునందు గాని, నడవలేకపోవుటయందు గాని రెండు పద్ధతులకును చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కావున శస్త్రచికిత్స తీరును, రోగి స్థితిని, అతని కోరికను బట్టియే నిర్ణయము జరుగవలెను. రక్తము పలుచబరచు మందులు వాడువారికి వెన్నుసూది ప్రమాదము కావచ్చును. ఉబ్బసము, వాడుచున్న మందులు, లోగడ మత్తు వికటించిన సంగతి, ఏదియు దాచక ముందే వైద్యునకు చెప్పుడని మా మనవి.