మురానో రంగుగాజు కూజాలు

షోకేసులో పెట్టుకునే రంగుగాజు పూలకూజా వెనక ఏడువందల ఏళ్ళ కథ ఉందంటే వింతగానే ఉంటుంది. ఇటలీలో వెనిస్ నగరం పక్కన మురానో అని చిన్న దీవి ఉంది. కథంతా అక్కడిదే.

ఆ కాలంలో వెనిస్ ఇళ్ళు చాలామటుకు కొయ్యవి. గాజు కొలిములేమో రాత్రింబవళ్ళు మండేవి. నిప్పురవ్వ ఎగిరితే వాడలకి వాడలే బుగ్గి అవుతాయని 1291లో ప్రభుత్వం కొలిములన్నిటినీ మురానోకి తరలించమంది. ఒక్క నిప్పు భయమేనా? పనివాళ్ళంతా ఒక్క దీవిలో ఉంటే పనిలో గుట్టు బయటికి పొక్కదన్న లెక్క కూడా ఉందంటారు. అనుమతి లేకుండా దేశం విడిచిపోతే శిక్ష. మరోపక్క గౌరవానికేం లోటు లేదు. గాజు మేస్త్రీ కూతుర్ని గొప్పింటి కుర్రాడు పెళ్ళాడినా పుట్టిన బిడ్డలకి ఆ హోదా పోయేది కాదు. బంగారు పంజరం అంటే ఇదే కాబోలు!

ఇక పనితనం చూడండి. పొడుగాటి ఇనప గొట్టం కొసకి కరిగిన గాజుముద్దని చుట్టి, నోటితో ఊది బుడగ చేస్తారు. అది బిగుసుకునేలోగా తిప్పుతూ, పట్కారుతో సాగదీస్తూ ఆకారం తేవాలి. చల్లబడితే మళ్ళీ కొలిమిలో పెట్టాలి. పాకం ముదిరిపోతుందేమోనని పొయ్యి దగ్గర నిలబడే మనకి ఆ తొందర వేరే చెప్పాలా? రంగు పైపూత కాదు, గాజులోనే కలుస్తుంది. నీలానికి కోబాల్టు, ఊదాకి మాంగనీసు, ఆకుపచ్చకి రాగి, కెంపు రంగుకి రవ్వంత బంగారం. ఒక రంగు మీద మరో రంగు గాజు పొరలుగా తొడిగితే లోపలి రంగు నీళ్ళలో మునిగినట్టుంటుంది. దాన్ని సొమ్మెర్సో అంటారు. చివర మెల్లమెల్లగా చల్లార్చకపోతే పడ్డ శ్రమంతా పగిలిపోతుంది.

ఇంతా చేసి కొలిమి ముందు అందరూ మగవాళ్ళే. అందుకే మరియెట్టా బరోవియర్ పేరు చెప్పకుండా ఉండలేను. గాజుపనిలో పేరుమోసిన ఆంజెలో బరోవియర్ కూతురు ఆమె. 1487లో సొంతంగా చిన్న కొలిమి పెట్టుకోడానికి వెనిస్ ప్రభువు ఆమెకి అనుమతి ఇచ్చాడు. పువ్వులా పొరలు కనిపించే రొజెట్టా పూస ఆమె సృష్టేనని చెబుతారు.

1797లో నెపోలియన్ చేతిలో వెనిస్ రాజ్యం కూలాక ఈ పనీ క్షీణించింది. 1859లో ఆంటోనియో సాల్వియాటి అనే వకీలు కార్ఖానా పెట్టి మళ్ళీ నిలబెట్టాడు. మన పెద్దల కాలంలోనే, 1948-49 ప్రాంతంలో, వెనీని కార్ఖానాలో ఫుల్వియో బియాంకోని చేతిరుమాలు కూజా రూపొందించాడు. నాలుగు కొసలూ పైకెత్తి పట్టుకున్న రుమాలులాగే ఉంటుంది. పాతవస్తువులు సేకరించేవారికి అది ఇప్పటికీ మహా మోజు.

చేత్తో చేసినదాన్ని గుర్తుపట్టాలంటే తిరగేసి అడుగు చూడండి. కడ్డీ నుంచి విడదీసిన మచ్చగానీ, దాన్ని అరగదీసిన నున్నటి గుంటగానీ తరచు ఉంటుంది. అచ్చులో పోసినదానికైతే పక్కల అతుకుగీత కనిపిస్తుంది. అడుగున మచ్చ ఉన్నంతమాత్రాన మురానోదని నమ్మకండి, నకళ్ళు బోలెడు. ఆ బెడద పడలేకే 1994లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం చట్టం చేసి ఒక ముద్ర ఏర్పాటు చేసింది. కొనకపోయినా చూడొచ్చు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో వెనిస్ గాజు ఉంది.

2021లో గ్యాసు ధర ఆకాశానికంటితే మురానోలో కొన్ని కొలిములు ఆర్పేశారు. పొయ్యి మీద ఎసరు మళ్ళీ పెట్టుకున్నట్టు కాదది, ఆరిన కొలిమిని తిరిగి కాకెక్కించడానికి రోజులు పడుతుంది.