తీగ ఊరిదైతే

అమెరికాలో నెట్ న్యూట్రాలిటీ అనగానే మనవాళ్ళంతా ఎఫ్‌సీసీ గురించే మాట్లాడతారు. నాకైతే టెన్నెసీలోని చాటనూగా గుర్తొస్తుంది. అక్కడ 1935 నాటి ఊరుమ్మడి కరెంటు సంస్థ ఈపీబీ, కేబుల్ వాళ్ళు కోర్టుకెక్కినా ఆగకుండా ఫైబర్ వేసి, 2010లో ఊరంతటికీ గిగాబిట్ ఇచ్చింది. (అప్పుడు మన దగ్గర 256 కేబీపీఎస్ ఉంటే బ్రాడ్‌బ్యాండే!)

చుట్టుపక్కల పల్లెలకీ ఇద్దామంటే రాష్ట్ర చట్టం అడ్డం. 2015 ఫిబ్రవరి 26న ఎఫ్‌సీసీ ఒకేరోజు ఆ అడ్డమూ తీసేసింది, న్యూట్రాలిటీ రూల్సూ పెట్టింది. మొదటిదాన్ని 2016లో సిక్స్త్ సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. రూల్స్ సంగతా? 2017లో ఎఫ్‌సీసీయే తీసేసి, 2024లో మళ్ళీ పెడితే, 2025 జనవరిలో అదే కోర్టు వాటినీ కొట్టేసింది.

చాటనూగాలో తీగ మాత్రం ఇంకా ఊరిదే. ఏ సైటునైనా కావాలని నెమ్మది చేస్తే నిలదియ్యడానికి వాషింగ్టన్ దాకా పోనక్కర్లేదు, బోర్డుని వేసే మేయరు ఊళ్ళోనే దొరుకుతారు.