జొన్నగటకనుండి సన్నబియ్యము వరకు

మాఘమాసము చివరిదినములలో మేము జక్రాన్‌పల్లికి పోయియుంటిమి. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు ప్రాంతము పసుపునకు పేరొందినది. ఆ దినములలో పసుపు త్రవ్వుట, ఉడికించుట, ఎండబెట్టుట అన్నియు ఒకేసారి సాగుచుండును. పసుపుచేల ప్రక్కనే ఎఱ్ఱజొన్నచేలు కంకులతో నిలిచియుండెను. రైతుల కార్యక్రమమునకై కొన్ని మాటలు రికార్డు చేసికొనుట మా పని. అది ముగిసినపిమ్మట ఒక రైతు మమ్ము తన యింటికి భోజనమునకు పిలిచెను.

మా విస్తళ్లలో తెల్లని సన్నన్నము వడ్డించిరి. ఇంటి యజమాని నలువదియేండ్లు దాటిన స్థూలకాయుడు. ఆయన పళ్లెములో మాత్రము మెతుకైనను లేదు. రెండు గ్రుడ్లు, కొంచెము కూర ఉండెను. రక్తములో చక్కెర పెరిగినదనియు, బరువు తగ్గవలయుననియు వైద్యుడు చెప్పెనట. ఎవరిమాటో విని ఆయన రెండునెలలనుండి అన్నము, రొట్టె సమస్తము మానివేసెను. మొదటివారములో మూడు కిలోలు తగ్గెను. పిమ్మట తగ్గుదల నిలిచిపోయినది. ఒకనాడు కల్లములో పసుపుబస్తా ఎత్తబోయి కండ్లు తిరిగి కూలబడెను.

వడ్డించుచున్న ఆయన తల్లి ఊరకుండలేకపోయినది. “బువ్వ దినకుంటె పెయ్యిల సత్తువ యాడికెళ్లి అస్తది సారూ? మేం జొన్నగట్క దాగి బత్కలేదా?” అని మమ్మడిగెను. “ఆ జొన్నలు ఇప్పుడు యాడున్నయే అమ్మా? మన చేన్లయి విత్తనాలకు పోతున్నయి గద!” అని కొడుకు బదులు చెప్పెను.

ఆ తల్లి మాటలోను, ఆ కొడుకు మాటలోను ఒక ప్రాంతపు ఆహారచరిత్ర ఇమిడియున్నది. బరువు తగ్గగోరువారు పిండిపదార్థములను విడువవలయునా, ఉంచుకొనవలయునా అను ప్రశ్నకు ఆ చరిత్రలోనే కొంత సమాధానము దొరకును.

ముందుగా పిండిపదార్థము మన దేహములో చేయు పని యేమి? అన్నమైనను, రొట్టెయైనను జీర్ణమై గ్లూకోసుగా మారి రక్తములో చేరును. కండరములు దానిని వినియోగించుకొని శక్తిని పొందును. ఆ శక్తిని కణమునుండి కణములోని పనికి అందించు పదార్థము ఎ.టి.పి. దానిని 1929లో కండరమునుండి వేరుచేసి గుర్తించినవారిలో మన తెలుగువాడు, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఈ పని చేసెను. పసుపుబస్తా ఎత్తు రైతు భుజమునందును, ఈ వ్యాసము వ్రాయు చేతియందును ఖర్చగుచున్నది ఆ ఎ.టి.పి.యే.

వెంటనే ఖర్చుకాని గ్లూకోసు కొంత గ్లైకోజనుగా కాలేయములోను, కండరములలోను నిలువచేరును. గ్లైకోజను తనతో కొన్నింతల నీటిని పట్టియుంచును. పిండిపదార్థములను హఠాత్తుగా మానినవారికి మొదటివారములో తగ్గునది చాలవరకు ఈ గ్లైకోజను, దానితోడి నీరు. క్రొవ్వు అంత త్వరగా కరగదు. మన రైతు మూడు కిలోల మర్మమిదియే. గ్లైకోజను నిలువలు తరిగిన దేహముతో బరువుపని చేయబోయినచో సత్తువ చాలకపోవుటయు వింతకాదు.

ఇక తల్లి చెప్పిన గటక కథకు వత్తము. తెలంగాణపు మెట్టభూములలో జొన్నయే ప్రధానాహారముగా ఉండెను. చెఱువుల క్రింద వరి పండినను, బీదయింట వరియన్నము పండుగనాటి భోజనమే. మిగిలినదినములలో జొన్నగటక, అంబలి, జొన్నరొట్టె. జొన్నను చిన్నచూపు చూచుట మనకు క్రొత్తగాదు. శ్రీనాథ మహాకవి పలనాటి జొన్నకూటిని ఎగతాళి చేసెనని చెప్పుకొను చాటువులు నేటికిని ప్రసిద్ధములు. వరి గౌరవము, జొన్న పేదరికము అను భావము మన మనస్సులలో అంత లోతుగా నాటుకొన్నది.

అయితే పాతకాలమంతయు ఆరోగ్యకాలమే యనుట పొరబాటు. 1918లో రాబర్టు మెక్‌కారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధినిగూర్చి పరిశోధనశాల నెలకొల్పెను. ఆ వ్యాధి ఉత్తర సర్కారు జిల్లాలలో, అనగా మన తెలుగు తీరములో, పాతుకొనియుండెను. మరలో తెల్లగా మెరుగుపెట్టిన పచ్చిబియ్యమును తినువారికి తవుడుతోపాటు పోయిన బి1 విటమిను కొరతయే దానికి కారణము. ఉప్పుడుబియ్యము తినుచోట్ల ఆ జాడ్యము అరుదు; వడ్లు ఉడికించునపుడు ఆ విటమిను గింజలోనికి ఇంకిపోవుటయే హేతువు. ఆ కూనూరు పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది.

హైదరాబాదునకు వచ్చిన ఆ శాస్త్రజ్ఞుల దృష్టి జొన్న తినువారిపై బడెను. ఎండసోకినచోట చర్మము నల్లబడి బిరుసెక్కుట, విరేచనములు, మతిచలించుట లక్షణములుగాగల పెల్లాగ్రా వ్యాధి జొన్నయే ఆధారముగా బ్రతుకు పేదలలో కనబడుచుండెను. జొన్నలో లూసిన్ అను అంశము అధికముగా ఉండుట దానికొక హేతువని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో వాదించిరి. తీరములో వరి ఒక్కటియే తిన్నవారికి ఒక వ్యాధి, మెట్టలో జొన్న ఒక్కటియే తిన్నవారికి మరియొక వ్యాధి. పప్పు, పాలు, ఆకుకూర తోడులేని ధాన్యమేదియు మనిషిని కాపాడలేదు. ఈ మాటను మనము చివరవరకు గుర్తుంచుకొనవలయును.

నిజామాబాదు జిల్లాకు నీరు వచ్చుటతో పళ్లెము మారినది. మంజీరపై నిజాంసాగరు నిర్మాణము 1923లో మొదలై 1931లో ముగిసినది. దాని కాలువల క్రింద వరి, చెఱకు విస్తరించినవి. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 1963 జూలై 26న పోచంపాడులో గోదావరిపై శ్రీరాంసాగరు ప్రాజెక్టునకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. తరువాత అర్గుల్ రాజారాం పేరిట గుత్ప ఎత్తిపోతల పథకము ఆర్మూరు ప్రాంతపు పొలములకు ఆ జలములను చేర్చినది.

నీటివెంట బియ్యము, బియ్యమువెంట ప్రభుత్వపు చౌకధర వచ్చినవి. 1983లో కిలో రెండురూపాయల బియ్యము పథకము ప్రారంభమైనది. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబమసూరి సన్నన్నపు రుచిని ఇంటింటికి అలవాటు చేసినది. 2025 ఉగాదినాడు తెలంగాణ ప్రభుత్వము చౌకధరల దుకాణములద్వారా మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా ఇచ్చుట మొదలుపెట్టినది. పండుగనాటి అన్నము ప్రతిదినపు అన్నమైనది. ఆకలిని ఎఱిగినవారెవరును ఈ మార్పును నిందింపలేరు. గటకతో కడుపు నింపుకొన్న ఆ తల్లి మాకు సన్నన్నము వడ్డించునపుడు ఆమె ముఖములో కనబడిన తృప్తి తక్కువదికాదు.

జొన్న యేమైనది? జక్రాన్‌పల్లి చేలలో అది నేటికిని కనబడును. కాని ఆ ఎఱ్ఱజొన్న మన నోటికి కాదు. పశుగ్రాసపు విత్తనముగా వర్తకులద్వారా ఉత్తరభారతమునకు పోవును. రొట్టెలజొన్నను రైతే అంగడిలో కొనుక్కొనవలసివచ్చినది. ఒకనాటి పేదకూడు నేడు వైద్యుని సలహాపై కొనితెచ్చుకొను సరుకైనది.

ఆహారము మారిన కాలములోనే శ్రమయు మారినది. ట్రాక్టరు దున్నుచున్నది, మోటారు నీరు తోడుచున్నది, పొలమునకు పోవుటకు మోటారుసైకిలు ఉన్నది. జాతీయ పోషకాహార సంస్థ 2011 నాటి మార్గదర్శకములలో కఠినశ్రమ చేయు పురుషునకు దినమునకు 600 గ్రాముల ధాన్యము, కూర్చుండి పనిచేయువానికి 375 గ్రాములు సూచించినది. ఆ రెంటికి నడుమ 225 గ్రాముల తేడా కలదు. బియ్యపు లెక్కలో అది సుమారు 775 కెలొరీలు. తండ్రి శ్రమకు తగిన పళ్లెమును కుమారుడు శ్రమ తగ్గినపిమ్మటయు తినుచున్నచో ఆ మిగులు దేహములో క్రొవ్వుగా మారక యెక్కడికి పోవును?

అట్లయిన బియ్యము విడిచి జొన్న పట్టినచో చాలునా? ఇక్కడ అంకెలను చూడవలయును. గోపాలన్ ప్రభృతులు కూర్చిన ఆహారపట్టికలనుబట్టి 100 గ్రాముల మరబియ్యములో 345 కెలొరీలు, 78.2 గ్రాముల పిండిపదార్థము, 6.8 గ్రాముల మాంసకృత్తులు ఉన్నవి. అంతే జొన్నలో 349 కెలొరీలు, 72.6 గ్రాముల పిండిపదార్థము, 10.4 గ్రాముల మాంసకృత్తులు. శక్తిలో రెండును సమానమే! నాలుగు జొన్నరొట్టెలు తిని బరువు తగ్గుదునని తలచువాడు తన్ను తాను మోసగించుకొనుచున్నాడు. జొన్న మేలు వేరొకచోట నున్నది. దానిలో పీచు ఎక్కువ, నమలవలయును, మెల్లగా తినవలయును, కొంచెముతోనే కడుపు నిండినట్లుండును. బియ్యములోను అన్నియు ఒక్కటి కావు. 2008లో విడుదలయైన మెరుగుపరచిన సాంబమసూరి అన్నము రక్తములో చక్కెరను సాధారణపు సన్నబియ్యమంత వేగముగా పెంచదని పరీక్షలలో తేలినది.

పిండిపదార్థమును వెలివేయుట మనయొద్ద పుట్టిన ఆలోచన కాదు. లండనులో అంత్యక్రియల ఏర్పాట్లు చేయు విలియం బాంటింగు అను స్థూలకాయుడు వైద్యుని సలహాపై రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మాని 40 పౌండ్లకు పైగా తగ్గి, 1863లో ఆ కథను చిన్నపుస్తకముగా అచ్చువేసెను. నాటినుండి ఆ మతము పేర్లు మార్చుకొనుచు తిరిగి తిరిగి వచ్చుచునే యున్నది. 2018లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు 609 మందిపై ఏడాదిపాటు సాగించిన పరిశోధన ఫలితములను ప్రకటించిరి. ఒక వర్గము పిండిపదార్థములను, మరియొక వర్గము క్రొవ్వును తగ్గించినది. చక్కెరను, మెరుగుపెట్టిన పిండిని తగ్గించి కూరగాయలు హెచ్చుగా తినుడని ఇరువర్గములకును చెప్పిరి. మొదటివారు సగటున 6 కిలోలు, రెండవవారు 5.3 కిలోలు తగ్గిరి. ఆ తేడా లెక్కింపదగినదికాదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. బరువు తగ్గించినది ఒక పదార్థమును వెలివేయుట కాదు. మొత్తము తిండి తగ్గి, మేలైన తిండి పెరుగుట.

మనకు మాత్రము ఒక హెచ్చరిక కలదు. భారతీయులు తినెడు ఆహారపుశక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని 2025లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. – ఇండియాబ్ పరిశీలన చెప్పినది. దీనిని తగ్గించుకొనవలసినదే. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకములు ధాన్యములనుండి వచ్చు శక్తి 45 శాతమునకు మించరాదనినవి. 2,000 కెలొరీల భోజనమునకు ఆ సంస్థ చూపిన కొలత యిది: ధాన్యము 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, వీనితో కొంచెము నూనె, గింజలు. ధాన్యమునకు పీట ఉన్నది. పళ్లెమంతయు దానిదే కాదు. వారమునకు అరకిలో తగ్గుట క్షేమమనియు, బరువు తగ్గించు ఆహారమైనను దినమునకు 1,000 కెలొరీలకు తగ్గరాదనియు ఆ సంస్థ చెప్పుచున్నది.

ముందుగా విడువదగిన పిండిపదార్థము అన్నము కాదు. దినమునకు అయిదారుమారులు త్రాగు టీలోని చక్కెర, సీసాలలోని తీపిపానీయములు, బేకరీ తిండ్లు. వానిలో కెలొరీలున్నవిగాని తోడు తెచ్చు పోషకములు మిక్కిలి స్వల్పము. తరువాత అన్నపురాశిని తగ్గించి, ఆ ఖాళీని పప్పుతోను కూరతోను నింపుకొనవలయును. మధుమేహమునకు మందులు వాడువారు ధాన్యమును హఠాత్తుగా మానినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. అట్టివారు వైద్యుని అడుగక ఏ మార్పును చేయరాదు.

నాటి భోజనమువేళ మేమా తల్లికొడుకులకు సరియైన బదులు చెప్పలేకపోయితిమి. వైద్యునియొద్దకు మరల పొమ్మని రైతుతో చెప్పి లేచితిమి. తీరికగా ఆలోచింపగా ఇరువురి మాటలోను నిజమున్నదని తోచుచున్నది. ధాన్యము లేనిదే సత్తువ లేదన్న తల్లి మాట నిజము. తన పళ్లెము తన శ్రమను మించిపోయినదన్న కొడుకు భయమును నిజమే. పొరబాటెల్ల రాశినుండి శూన్యమునకు దుముకుటలో నున్నది. ఆ యిల్లాలు తన చేతితో ఒక జొన్నరొట్టె కాల్చి, పుంటికూరపప్పు నిండుగా వేసి, ఒక గిన్నెడు కూరయు, గ్లాసెడు సల్లయు ప్రక్కన నుంచి కొడుకునకు వడ్డించుగాక. వైద్యుడు సమ్మతించినచో పూటకొక గరిటెడు సన్నన్నమును వడ్డించుగాక. ఆయన దానిని మెల్లగా నమలి తిని, మోటారుసైకిలు ఇంటనుంచి, చేనికి నడచిపోవుగాక.