తాటికల్లు కథ

ఫ్రాన్సులోని బోర్డోలో ద్రాక్షసారాను ఏళ్ళ తరబడి పీపాల్లో, సీసాల్లో దాస్తారు. 1855లో అక్కడి తోటలకు తరగతులు కూడా నిర్ణయించారు. మన ఇందుకూరుపేట వైపు తాటికల్లుకు ఆ భాగ్యం లేదు. దాని ఆయుష్షు ఒక్కపూటే.

గీత కార్మికుడు మోకు బిగించి చెట్టెక్కి, గెల కొసను రెండుపూటలా పలుచగా చెక్కి కుండ కడతాడు. కారే రసం తియ్యగా ఉంటుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. పూయకపోతే ఈస్టు చేరి కొన్ని గంటల్లోనే కల్లవుతుంది. మర్నాటికి పుల్లబడిపోతుంది. పులియడం సూక్ష్మజీవుల పని అని 19వ శతాబ్దంలో లూయీ పాశ్చర్ నిరూపించాడు గాని, సున్నం కిటుకు మనవాళ్ళకు బడికి వెళ్ళకుండానే తెలుసు!

మద్రాసు ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటా వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక రామమూర్తి కమిటీ దానిని ఎత్తివేయమంది. గౌతు లచ్చన్నగారు గీత కార్మికుల పక్షాన నిలిచారు. ఈ వివాదం మీదనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అయినా నిషేధం వెంటనే పోలేదు.

1992లో మన జిల్లా దూబగుంట ఆడపడుచులు తిరగబడింది సారా మీద. కల్లునూ సారానూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

అరవైల తొలినాళ్ళలో మా వీధి గీత కార్మికుడు ముంజెలు అమ్ముకుంటూ, పిల్లల్ని బడి మాన్పించి కూలికి పంపాడు. మా నాన్నగారు నిషేధాన్ని మెచ్చుకున్నవారే, కల్లు ముట్టనివారే. ఆ ఇంటికి మాత్రం ఏటా కోతలయ్యాక వడ్లు కొలిచి పంపేవారు.